పై పోర్షన్‌కి ఎర్త్ లేదు

నవంబరు 3, సోమవారం

ఆరు రోజుల వాన. ఇవాళ తెరిపి ఇచ్చింది. గోడలింకా చెమ్మగానే ఉన్నాయి. మెట్ల గోడ మీద చెయ్యి వేస్తే తడి అంటుకుంటోంది. ఆయన మిల్లు నుంచి వచ్చి ఒకటే గోల — తడిసిన పత్తి లారీలకెత్తి పంపేస్తున్నారు, అది గింజ తీసే జిన్నింగ్‌కి ఎట్లా పనికొస్తుంది అని.

సాయంత్రం పై పోర్షన్ నుంచి షంషాద్ దిగి వచ్చింది. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతోంది. పెళ్ళిళ్ళ రోజులు కదా, జాకెట్లు కుట్టలేక చస్తోంది.

“మేడమ్, వాషింగ్ మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటోందండి.”

తడి చేతుల్తో ముట్టుకుని ఉంటావు, చెప్పులేసుకుని ఆడించు అన్నాను.

సరేనండి అంది. వెళ్ళిపోయింది.

నవంబరు 4, మంగళవారం

పదో తరగతి. ఇళ్ళలో కరెంటు సర్క్యూట్లు. ఏటా చెప్పే పాఠమే. బోర్డు మీద మూడు తీగలు గీశాను — ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఆకుపచ్చ తీగ, అంటే ఎర్త్, భూమిలోకి. ఏదైనా వస్తువు లోపల తీగ తెగి దాని ఒంటికి తగిలితే, ఆ కరెంటు మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికి. ఎవరికైనా షాక్ కొడితే వాళ్ళని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి. రెండుసార్లు చెప్పించాను అందరి చేతా.

షంషాద్ కూతురు అఫ్రీన్ రెండో బెంచీలో. రాసుకుంటోంది. తల ఎత్తి అడిగింది — “ఎర్త్ ఉందో లేదో బయట నుంచి తెలుస్తుందా మేడమ్?”

మంచి ప్రశ్న అన్నాను. తెలియదు, టెస్ట్ చేయాలి అన్నాను.

బెల్లు కొట్టారు. నీళ్ళు తాగాను.

నవంబరు 6, గురువారం

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

బడి నుంచి వచ్చి గేటు తీస్తుంటే అఫ్రీన్ పైనుంచి వంగి, “మేడమ్, మన ఇంటి ఎర్త్ గుంట ఎక్కడండీ?”

“పెరట్లో. బండల కింద.”

“పైన మాక్కూడా అదేనా?”

“ఆఁ.”

ఒక్క అక్షరం. అంత సులువుగా వచ్చింది నోటికి.

పెరట్లో గుంట ఉన్న మాట నిజం. అది కింద మాకు. పైవాళ్ళకి లేదు. తొమ్మిదేళ్ళ కిందట పై పోర్షన్ వేసినప్పుడు వైరింగు చేసిన కోటయ్య ఆకుపచ్చ తీగ పైనుంచి కింది దాకా తెచ్చాడు. పెరటి గోడ దగ్గర ఆగి నన్ను పిలిచాడు. “గుంట దాకా లాగాలంటే ఈ నాపరాళ్ళు నాలుగు లేపాలి మేడమ్.” ముందు రోజే పరిపించాను ఆ బండలు. ఎల్లుండి పాలు పొంగించే ముహూర్తం. చుట్టాలొస్తారు. ఇప్పుడు లేపకు, తర్వాత చూద్దాం అన్నాను. కోటయ్య బండల వంక, నా వంక చూశాడు. “మీకు తెలియందేముంది మేడమ్” అని తీగ చివర టేపు చుట్టి గోడకి మేకు కొట్టి కట్టాడు.

నాకు తెలియందేముంది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి అదే చెబుతున్నాను.

ఈ తొమ్మిదేళ్ళలో మూడు కుటుంబాలు మారాయి పైన. మొదటి రెండేళ్ళు గుర్తొచ్చేది — ఈ వేసవి సెలవుల్లో చేయించాలి అని. తర్వాత గుర్తు రావడం మానేసింది. మానేసిందా, మాన్పించానా.

రేపు కోటయ్యకి ఫోన్ చేయాలి.

నవంబరు 7, శుక్రవారం

చేయలేదు. యూనిట్ పేపర్లు దిద్దడం.

నవంబరు 8, రెండో శనివారం

ఇవాళ్టిది రాయాలి.

పొద్దున ఎనిమిదిన్నర. నేను వరండాలో కాఫీ తాగుతున్నాను. పైన బకెట్ పడిన చప్పుడు. నీళ్ళు మెట్ల మీదుగా కిందికి జారుతున్నాయి. ఆ వెంటనే ఒక మూలుగు... మనిషి గొంతులా లేదు. పరుగెత్తాను. నేను మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి అఫ్రీన్ అక్కడి మెయిన్ బోర్డు మీద చెయ్యేసి ఉంది. కిందికి లాగేసింది అప్పటికే. పైన షంషాద్ స్నానాల గది గుమ్మంలో కూలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడి అరచెయ్యి బొబ్బ. బొటనవేలు, చూపుడువేలు నల్లగా.

ఎడం చేత్తో కుళాయి తిప్పుతూ కుడిచేత్తో మిషన్ మూత పట్టుకుందట. అంతే, చెయ్యి అంటుకుపోయింది, రాలేదు.

అఫ్రీన్ ఒక అడుగు ముందుకు వేసిందట. ఆగిందట. ముట్టుకోకూడదు అని. వెనక్కి తిరిగి మెట్ల దాకా పరుగెత్తిందట.

పదిహేనేళ్ళ పిల్ల. కళ్ళ ముందు అమ్మ కొట్టుకుంటుంటే వెనక్కి తిరిగి పరుగెత్తగలిగింది.

ఆటోలో ఆసుపత్రికి. ఇ.సి.జి. తీశారు. గుండెకి ఏమీ కాలేదు, అదృష్టం అన్నాడు డాక్టరు. చేతికి కట్టు. ఎన్నాళ్ళు అంటే చెప్పలేం, వేళ్ళు ఎట్లా కోలుకుంటాయో చూడాలి అన్నాడు.

షంషాద్ మొగుడు ఖాసిం లారీ మీద ఒంగోలు వెళ్ళినవాడు మధ్యాహ్నానికి వచ్చాడు. భార్యని చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

“మీరు చెప్పిన పాఠమేనంట మేడమ్. మీరు గనక చెప్పకపోతే మా పిల్ల వాళ్ళమ్మని ముట్టుకునేది. ఇద్దరూ పోయేవాళ్ళు. మీ రుణం తీర్చుకోలేను.”

చేతులు దించమని చెప్పాను.

షంషాద్ మంచం మీద నుంచి — “నాదే తప్పండీ. మీరు చెప్పులేసుకోమన్నారు. మర్చిపోయా.”

ఊరుకున్నాను. ఊరుకున్నాను అని రాయడానికే సిగ్గుగా ఉంది.

నవంబరు 9, ఆదివారం

కోటయ్య వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. పైన మిషన్ విప్పి చూశాడు — లోపల తీగ ఒరుసుకుపోయి రేకుకి తగులుతోంది. మెయిన్ వేసి, ప్లగ్ పాయింట్లలో ఎర్త్ కోసం ఉండే పై రంధ్రాల్లో టెస్టర్ పెట్టాడు. అన్నింటిలోనూ వెలిగింది. ఫ్రిజ్ దగ్గర, ఇస్త్రీ పెట్టె దగ్గర, ఆ అమ్మాయి చదువుకునే టేబుల్ దగ్గర. భూమికి పోవాల్సిన తీగలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నాయి, భూమికి మాత్రం కలవలేదు. ఒక దాంట్లో లీకైతే అన్నింటి ఒంటికీ పాకుతుంది. బొత్తిగా తీగ లేకపోయినా ఇంతకంటే నయం.

ఖాసిం అక్కడే నిలబడి ఉన్నాడు. “ఎందుకిట్లా అయిందయ్యా?”

కోటయ్య నా వంక చూశాడు. ఒక్క క్షణం. నేను చెబుతానని చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

“పాత వైరింగు కదండీ. ఎలకలు కొరికినట్టున్నాయి” అన్నాడు.

“చేసింది నువ్వేనంటగా! ఎలకలు కొరికే పని చేస్తావా? నా పెళ్ళాం చచ్చిపోయేది! పెద్దమనిషివని ఊరుకుంటున్నా, లేకపోతే...”

కోటయ్య తల వంచుకుని స్క్రూలు ఏరుకుంటున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నా ఇంట్లో, నా ముందు.

కిందికి దిగాక గేటు దగ్గర మెల్లగా అన్నాడు — “ఆ తీగ అట్లాగే ఉంది మేడమ్, మేకుకి. రేపొచ్చి కలిపెయ్యమంటారా?”

కలుపు అన్నాను. వాళ్ళు కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రా అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

నవంబరు 10, సోమవారం

బడిలో ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారు అఫ్రీన్‌ని ముందుకు పిలిచారు. ధైర్యం గురించి, చదివింది ఆచరించడం గురించి పది నిమిషాలు. “ఇట్లాంటి టీచరు దొరకడం ఈ బడి అదృష్టం.” పిల్లలంతా నా వైపు తిరిగి చప్పట్లు.

ఎండ. కాళ్ళ కింద ఇసుక. ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి కోటయ్య నాలుగు నాపరాళ్ళు లేపి తీగ కలిపేసి మళ్ళీ పరిచేశాడు. మెయిన్‌లో లీకేజీ పసిగట్టి ఆపేసే కొత్త స్విచ్ కూడా పెట్టాడు. బల్బు పెట్టి చూపించాడు. ఆ స్విచ్‌కి ముందున్న కరెంటు తీగకి, ఎర్త్ తీగకి మధ్య. పూర్తి వెలుగు.

“సరిపోయింది మేడమ్.”

ఒక పూట పని. ఒక్క పూట.

షంషాద్ ఆసుపత్రి నుంచి వచ్చి పెరట్లో తడి సిమెంటు చూసింది. “బండలు లేపించారేంటండీ?”

“పైపు లీకు.”

నవంబరు 11

ఆయనకి చెప్పాను. తీగ సంగతి, ముహూర్తం సంగతి, అన్నీ. భోజనం చేస్తూ విన్నారు.

“ఇప్పుడు చేయించేశావుగా. ఇంకెందుకు కెలుక్కోవడం సుగుణా? వాళ్ళు పోలీసు కేసంటే నీ ఉద్యోగానికే మోసం.”

ఆ మాట నాకు ముందే తట్టింది. ఆయన నోటి వెంట వింటే అసహ్యం వేసింది. నాలోపల ఉన్నప్పుడు వేయలేదు.

నవంబరు 12, బుధవారం

కూరగాయల బండి దగ్గర కోటయ్య భార్య కనిపించింది. నమస్కారం పెట్టింది. ఎప్పుడూ నవ్వే మనిషి, ఇవాళ నవ్వలేదు.

“బాగున్నాడా కోటయ్య?”

“ఏం బాగండీ. హైవే పక్కన కొత్త మేడ వైరింగు ఆయనకే ఇస్తామన్నారు. మొన్న ఎవరో చెప్పారంట, ఆయన చేసిన ఇంట్లో ఒకావిడకి షాక్ కొట్టిందని. వద్దన్నారు. రెండ్రోజులుగా గడప దాటట్లేదు. అడిగితే మాట్లాడడు.”

అది నా వల్లేనని ఆవిడకి తెలియదు. లేదా తెలుసా. “నలభై ఏళ్ళ చేతి పనండీ” అంది. వంకాయలు ఏరుకుని వెళ్ళిపోయింది.

నేనేం కొన్నానో గుర్తులేదు. సంచిలో చూస్తే పచ్చిమిరపకాయలు. ఇంట్లో ఉన్నాయి అప్పటికే బోలెడు.

నవంబరు 13, గురువారం

చెప్పాను.

బడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా పైకి వెళ్ళాను, కింద ఇంట్లోకి వెళ్తే మళ్ళీ మెట్లెక్కనని. ఖాసిం ఉన్నాడు. షంషాద్ ఎడం చేత్తో కత్తెర పట్టుకుని గుడ్డ కోయాలని చూస్తోంది, వంకరగా పోతోంది. ఒడిలో ఎవరిదో పెళ్ళికూతురి పట్టు జాకెట్ ముక్క.

కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. క్రమంగా చెప్పాలనుకున్నాను, పాఠంలా. రాలేదు. ముక్కలుముక్కలుగా — ఎలకలు కాదు. కోటయ్య తప్పు కాదు. ఆయన చెప్పాడు, నేనే వద్దన్నాను. బండల కోసం. తొమ్మిదేళ్ళు. పైపు లీకు కూడా అబద్ధం.

కింద వీధిలో ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్నారు, అంటుకోవడం లేదు.

షంషాద్ ముందు మాట్లాడింది. “పోనీలెండి మేడమ్...” అలవాటుగా వచ్చిన మాట. పూర్తి కాలేదు. కట్టు ఉన్న చేతి వంక చూసుకుంది. ఆగిపోయింది.

లోపలి గదిలోంచి అఫ్రీన్ వచ్చింది. వింటూనే ఉందన్నమాట.

“మరి నేనడిగానుగా మేడమ్.”

తలుపు దగ్గరే నిలబడింది.

“గురువారం. గేటు దగ్గర. పైన మాక్కూడా అదేనా అనడిగా. ఆఁ అన్నారు.”

“అఫ్రీన్, ఊరుకో” అంది షంషాద్.

“మీరు ఉందన్నారనే అమ్మకి చెప్పా. మేడమ్ ఉందన్నారమ్మా, ఏం కాదులే, ఆడించుకో అని. నేనే చెప్పా.”

ఇది నాకు తెలియదు. ఈ సంగతి తెలియదు నాకు. ఐదు రోజులుగా ఈ పిల్ల ఏం మోస్తోందో తెలియకుండా చప్పట్ల మధ్య నిలబెట్టాం.

నీ తప్పు కాదమ్మా అన్నాను. నా నోటితో ఆ మాట ఎంత చవగ్గా వినిపించిందో. ఆ పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు. మెల్లగా.

ఖాసిం లేచి చొక్కా వేసుకున్నాడు.

“నన్ను మీరు తిట్టండి ఖాసిం.”

“మిమ్మల్ని నేనేం తిడతానండీ.” చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అన్నాడు — “ఆ పెద్దాయన్ని ఏమేమో అన్నాను. మీరక్కడే ఉన్నారు. నాతో అనిపించారు కదండీ.”

కోటయ్య ఇంటికే వెళ్ళాడు. బండి మీద. నేను కూడా వస్తానంటే వద్దన్నాడు.

నవంబరు 14, శుక్రవారం

బాలల దినోత్సవం. షామియానా. మైకు.

ముందే వెళ్ళి హెడ్మాస్టరు గారికి చెప్పాను, నన్ను సన్మానించకండి, ఇదీ జరిగింది అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇప్పుడా చెప్పడం? సర్పంచి గారొచ్చి కూర్చున్నారు. అయినా అది మీ ఇంటి విషయం మేడమ్. పాఠం బళ్ళో చెప్పారా లేదా? అది చాలు మనకి.”

శాలువా కప్పారు. నేను తీసెయ్యలేదు. తీసేస్తానని వెళ్ళాను. మైకులో చెప్పేస్తానని కూడా ఇంటి దగ్గర అనుకుని వెళ్ళాను. మూడొందల మంది పిల్లలు, ముందు వరసలో తల్లిదండ్రులు. భుజాల మీద శాలువాతో నవ్వుతూ ఫోటో దిగాను.

అఫ్రీన్‌ని మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడింది. చెబుతుందేమోనని భయపడ్డాను, చెబితే బావుండునని కూడా.

“మెయిన్ ఎక్కడుందో నాకు తెలుసు. ఆపాను. అంతేనండి.”

వచ్చి కూర్చుంది. నా వైపు చూడలేదు.

నవంబరు 15, శనివారం

కోటయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. క్షమించమని అడిగాను.

“అప్పుడు నేను గట్టిగా చెప్పుండాల్సింది మేడమ్. కలపకుండా పని ముగించనని చెప్పుండాల్సింది. చదువుకున్నవారు గదా అని వదిలేశా.”

అంటే ఆయన కూడా తన వంతు తీసుకుంటున్నాడు. అందరూ తలా కాస్త తీసుకుంటున్నారు, షంషాద్, ఆ పిల్ల, ఈయన. నాకు మిగలనివ్వడం లేదు.

మేడ ఓనరు ఎవరో కనుక్కుని వెళ్ళాను. జరిగింది చెప్పాను. విన్నాడు. వేరేవాళ్ళకి ఇచ్చేశామండి అన్నాడు.

నవంబరు 18, మంగళవారం

అఫ్రీన్ క్లాసులో మూడో బెంచీకి మారింది, కిటికీ పక్కకి. ప్రశ్న అడిగితే లేచి జవాబు చెబుతుంది. సరిగ్గానే చెబుతుంది. తను మాత్రం ఏదీ అడగడం లేదు.

నవంబరు 20

షంషాద్ చూపుడువేలు వంగడం లేదు. డాక్టరు వ్యాయామం చెప్పాడట. పెళ్ళివాళ్ళు గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు, మూడు ఇళ్ళవాళ్ళు. మెట్ల మీద నా ముందునుంచే వెళ్ళారు కవర్లు పట్టుకుని.

ఇడ్లీ పెట్టి పంపితే గిన్నె కడిగి తిరిగి పంపింది. ఎప్పుడూ ఖాళీ గిన్నె పంపని మనిషి.

నవంబరు 22, శనివారం

ఖాళీ చేస్తున్నామని ఖాసిం చెప్పాడు. కోపంగా ఏమీ కాదు. “పాత బస్టాండు వెనక ఇల్లు చూశామండి. సోమవారం మారతాం.”

ఇప్పుడు ఇక్కడ అంతా బాగు చేయించాను, ఉండండి అందామని నోటిదాకా వచ్చింది. ఏ మొహంతో.

నవంబరు 23, ఆదివారం

పదకొండు గంటలకి ఫోన్. తెలియని నంబరు. పాత బస్టాండు వెనక ఇంటి ఓనరట.

“మీ పైన అద్దెకుంటున్నవాళ్ళ గురించండీ. ఎట్లాంటివాళ్ళు?”

“చాలా మంచివాళ్ళు.”

“మరి ఉన్నట్టుండి ఎందుకు ఖాళీ చేస్తున్నారు? ఆమెనడిగితే ఇల్లు చాలట్లేదంది. మా ఇల్లు మీ పోర్షన్ కంటే చిన్నది. అందుకని అనుమానమొచ్చింది. వేరే మతం వాళ్ళు కదా, ఏవైనా గొడవలా?”

షంషాద్ చెప్పలేదు. నా పేరు బయట పెట్టకుండా ఆమె అనుమానం నెత్తిన వేసుకుంది.

“గొడవలేం లేవండి. వాళ్ళ తప్పేం లేదు. మా పై పోర్షన్‌కి నేను ఎర్త్ వేయించలేదు. తెలిసీ వేయించలేదు. ఆమెకి షాక్ కొట్టింది. చచ్చిపోవాల్సింది. చెయ్యి పాడైంది. నా వల్ల.”

ఇన్నాళ్ళకి ఒక్క ఊపిరిలో వచ్చింది. అటునుంచి నవ్వు.

“ఓస్, అంతేనా! నేనింకా ఏదో అనుకున్నా. సరే సరే, ఇచ్చేస్తాలెండి.”

అంతేనా.

ఫోన్ పెట్టేయబోతుంటే ఆపాను. “మీ ఇంటికి ఎర్త్ ఉందాండీ?”

నవ్వు ఆగింది.

“ఏమోనండీ. మా నాన్నగారి కాలంలో కట్టింది. ఉండే ఉంటుంది. పాతిక సంవత్సరాలుగా ఎవరికీ ఏం కాలేదు.”

“వాళ్ళు మారేలోపు చూపిస్తారా? మనిషిని నేను పంపిస్తాను.”

“తర్వాత చూద్దాంలెండి” అన్నాడు. పెట్టేశాడు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కోటయ్యకి చేశాను — రేపు పొద్దున్నే వెళ్ళి చూస్తానన్నాడు, ఓనరు లోపలికి రానిస్తే.

షంషాద్‌కి చెప్పాలి ముందు. అఫ్రీన్‌కి చెప్పాలి. ఎర్త్ గురించి నేను చెప్పే మాట వాళ్ళు ఎందుకు నమ్మాలి. ఇల్లు వదిలి పోకుండా ఆపడానికి చెబుతున్నాననుకుంటే...

పైన తలుపు తీసే ఉంది. అట్టపెట్టెలకి టేపు లాగుతున్న చప్పుడు. సగం మెట్లెక్కి నిలబడి ఒకసారి పిలిచాను. చప్పుడు ఆగింది. ఎవరూ బయటికి రాలేదు ఇంకా.